పది రూపాయల పందెం

ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు చరిత్ర ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శిగారు కబురు పెట్టారు. చరిత్ర అనగానే శాసనాలు, జమీందారులు, కోటలు గుర్తుకు వస్తాయి. వాటిని గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను 1971 నుంచి 2007 దాకా, ముప్పై ఆరేళ్ళపాటు, వచ్చిన కాగితానికీ వెళ్ళిన కాగితానికీ నంబరు వేసిన గుమాస్తాని. నాకు ఆధారాలతో సహా తెలిసిన చరిత్ర ఒక్క సినిమా పాటది. అది కూడా ఆ పాట ఎవరు రాశారన్న తగాదా వల్ల తెలిసింది. ఆ తగాదాలో నేను అన్యాయంగా పది రూపాయలు పుచ్చుకున్నాను. సంగతి ఇన్నాళ్ళూ ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు. సంచికలో నాలుగు పేజీలు నాకిస్తామన్నారు గనుక ఇప్పుడు చెబుతున్నాను.

పాట “మనసున మనసై”. సినిమా “డాక్టర్ చక్రవర్తి”. అన్నపూర్ణా పిక్చర్స్ వారు తీశారు, ఆదుర్తి సుబ్బారావుగారు దర్శకులు. 1964 జులై 10న విడుదలైంది. కోడూరి కౌసల్యాదేవిగారి “చక్రభ్రమణం” నవల దానికి ఆధారం. చనిపోయిన చెల్లెల్ని స్నేహితుడి భార్యలో చూసుకునే డాక్టరుగా నాగేశ్వరరావుగారు, ఆ ఇల్లాలిగా సావిత్రిగారు, అనుమానపడే భర్తగా జగ్గయ్యగారు. రాష్ట్ర ప్రభుత్వం నంది బహుమతులు పెట్టిన మొదటి ఏడే ఉత్తమ చిత్రంగా బంగారు నంది దానికి వచ్చింది. సంగీతం సాలూరి రాజేశ్వరరావుగారిది, పాడింది ఘంటసాలగారు.

విడుదల నాటికి నాకు పదిహేనేళ్ళు. విడుదలైన రోజే చూడడానికి మాది విశాఖపట్నం కాదుగదా! మా దేవరాపల్లికి సినిమా కంటే ముందు పాట వచ్చింది. పంచాయతీ ఆఫీసు అరుగుమీద ఒక రేడియో ఉండేది. వ్యవసాయ కార్యక్రమం వినిపించడానికని ఇచ్చారు గాని, జనం అది అయిపోయేదాకా ఓపిక పట్టి కూర్చునేది పాటలకోసమే. విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం 1963 ఆగస్టులో మొదలైంది. అంతకుముందు విజయవాడ కేంద్రం మాకు ఒకరోజు వినబడితే ఒకరోజు గొరగొర. సిలోను రేడియో మరీను. మీనాక్షీ పొన్నుదొరైగారి తెలుగు మాట స్పష్టంగా వినిపించేది గాని, సరిగ్గా పాట పల్లవి దగ్గరకు వచ్చేసరికి సముద్రపు హోరు అందుకునేది. విశాఖ కేంద్రం వచ్చాకే మా ఊళ్ళో పాట మొదటినుంచి చివరిదాకా వినడం అలవాటయింది.

ఆ సాయంత్రం బెల్లం పొయ్యి దగ్గర పని ముగించుకుని వచ్చినవాళ్ళు అరుగు కింద కూర్చుని ఉన్నారు. ఒంటినిండా చెరకు పాకం వాసన. పాట మొదలైంది. ఘంటసాలగారు గొంతు పెంచరు, తగ్గించరు, పక్కన కూర్చున్న మనిషితో చెప్పుకున్నట్టు పాడతారు. బతుకులో తనను తెలుసుకున్న మనిషి ఒకరు తోడుంటే అంతకు మించి అడగవలసింది లేదని ఆ పాట సారాంశం. పదిహేనేళ్ళవాడికి అందులో ఏమి అర్థమవుతుంది? నాకు అర్థం కాలేదు. కాని పాట అయిపోయాక అరుగు దగ్గర ఎవరూ మాట్లాడలేదు. ఒక ముసలాయన మాత్రం, “ఏటి బాబూ, ఆడు మన గురించే పాడినాడేటి?” అన్నాడు. ఆయనకు ఇంట్లో ఎవరూ లేరని తర్వాత తెలిసింది.

సినిమా 1965 సంక్రాంతి వెళ్ళాక చోడవరం టూరింగ్ టాకీసుకు వచ్చింది. నేనూ మా చిన్నాన్న కొడుకూ ఒకే సైకిలు మీద వెళ్ళాం, దారిలో సగం నేను తొక్కడం, సగం వాడు తొక్కడం. ఒకే ప్రొజెక్టరు గనుక రీలు మారినప్పుడల్లా దీపాలు వెలిగేవి, జీళ్ళవాడు, సోడావాడు తిరిగేవారు. నేల టికెట్టు జనం అంతా ఆ పాట వచ్చినప్పుడు చుట్టలు చేతిలోనే పట్టుకుని ఉండిపోయారు. బయటికి వచ్చాక పాటల పుస్తకం కొందామంటే డబ్బులు లేవు. ఆ పుస్తకం అప్పుడు కొని ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

పాటల పుస్తకం అంటే ఏమిటో మన మనవలకు చెప్పాలి. పల్చటి కాగితం, నాలుగైదు మడతలు, పైన నాయికా నాయకుల బొమ్మ. లోపల కథాసారాంశం సగం దాకా చెప్పి, మిగిలింది వెండితెరమీద చూడండి అని ఆపేసేవారు. తర్వాత పాటలు. పాటకింద రచన ఎవరిదో, గానం ఎవరిదో ఉండేది. సినిమా మొదట్లో తెరమీద పడే పేర్లలో మాత్రం కవులందరినీ ఒకేచోట కలిపి వేసేవారు. “డాక్టర్ చక్రవర్తి”కి శ్రీశ్రీ, ఆత్రేయ, ఆరుద్ర మొదలైనవారు రాశారు. ఏ పాట ఎవరిదో ఆ పట్టీ చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. రేడియోలో రచయిత పేరు చెబితే చెప్పారు, లేకపోతే సినిమా పేరు, పాడినవారి పేరు చెప్పి ఊరుకున్నారు. చెప్పినా ఆ క్షణాన ఎవరో తుమ్మితే అంతే సంగతులు. అంచేత ఊళ్ళో ప్రతి పాటకూ జనమే ఒక కర్తను నిర్ణయించేవారు.

“మనసున మనసై”కి జనం నిర్ణయించిన కర్త ఆత్రేయగారు. ఆ సినిమాలోనే “నీవు లేక వీణ” ఆయనది. అదే ఏడు జనవరిలో వచ్చిన “మూగ మనసులు”లో “పాడుతా తీయగా”, “ముద్దబంతి పూవులో” ఆయనవి. మనసు అన్న మాట ఎక్కడ కనబడితే అక్కడ ఆత్రేయ అని అందరికీ లెక్క. ఆయనకు మనసు కవి అన్న బిరుదు కూడా స్థిరపడిపోయింది. పాట మొదటి మాటలోనే మనసు రెండుసార్లు ఉంటే ఇక సాక్ష్యం ఎందుకు?

1971లో నేను ఎల్డీసీగా చేరాను. ఆఫీసు పేరు చెప్పను, అక్కడివారెవరూ ఈ తగాదాకు బాధ్యులు కారు. అప్పట్లో నా జేబులో ఎప్పుడూ శ్రీశ్రీ “మహాప్రస్థానం” ఉండేది. 1950లో పుస్తకంగా వచ్చిన ఆ గీతాలు మా తరం కుర్రాళ్ళకు 1970లో కొత్తగా దొరికాయి. ఆ ఏడు విశాఖలో ఆయన షష్టిపూర్తి సభలు జరిగాయి. తర్వాత జులైలో విప్లవ రచయితల సంఘం పుట్టింది, ఆయనే అధ్యక్షుడు. విశాఖపట్నంలో పుట్టిన మనిషి, మనవాడు, ఇంత ఎత్తున నిలబడ్డాడని మాకు గర్వం. శ్రీశ్రీ అంటే మాకు పిడికిలి. ఆ పిడికిలిలో పూలు కూడా ఉండవచ్చునని మాకు తోచలేదు.

మా హెడ్ గుమాస్తాగారు విజయనగరం మనిషి. సన్నగా, పొడుగ్గా, తెల్లని పంచెలో ఉండేవారు. ఫైలులో తప్పు కనబడితే కేకలు వేసేవారు కాదు, ఆ కాగితం మీద పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి తిరిగి పంపేవారు. తప్పు ఎక్కడుందో మనమే వెతుక్కోవాలి. ఘంటసాలగారు విజయనగరం మహారాజావారి సంగీత కళాశాలలో చదువుకునే రోజుల్లో మధూకరం చేసి, అంటే ఇల్లిల్లూ అడిగి అన్నం తెచ్చుకుని, బతికారన్న సంగతి మనలో చాలామందికి తెలుసు. ఆయనకు గురువు సాలూరుకు చెందిన పట్రాయని సీతారామశాస్త్రిగారు. ఈ సంగతులు మొట్టమొదట నాకు చెప్పింది ఆ హెడ్ గుమాస్తాగారే. ఆయన ఇంట్లో మర్ఫీ రేడియో ఉండేది. ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టి, ఆ పుస్తకాన్ని పాసుపుస్తకం లాగ బీరువాలో దాచేవారు.

1972లో ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ల వేళ ఎవరో ఈ పాట కూనిరాగం తీశారు. ఆత్రేయ ఎంత గొప్పగా రాశాడండీ అని నేనన్నాను. హెడ్ గుమాస్తాగారు ఉప్మా తింటున్నవారు చెయ్యి ఆపి, “అది శ్రీశ్రీది నాయనా” అన్నారు.

నాకు కోపం వచ్చింది. శ్రీశ్రీ గురించి నాకు చెబుతారా అని మొదటి కోపం. ఆయన్ని పట్టుకుని ఇలాంటి మెత్తటి పాట అంటగడతారా అని రెండో కోపం. ఉద్యోగంలో చేరి ఏడాది కాని కుర్రవాణ్ణి, ఆయనతో వాదానికి దిగాను. ఆయన “రేడియోలో చెప్పగా విన్నాను” అన్నారు. నేను “మీరు పొరపాటుగా విన్నారు” అన్నాను. పందెం వేసుకుందాం అన్నాను. పది రూపాయలు. పది రూపాయలంటే అప్పుడు మా ఇంట్లో వారానికి సరిపడా కూరలు. ఆయన ఒక్క నిమిషం నన్ను చూసి, “సరే” అన్నారు.

తేల్చడం ఎలా? పాటల పుస్తకం కోసం అనకాపల్లి మనుషులకు చెప్పాం, దొరకలేదు. రికార్డు ఎవరి దగ్గరా లేదు. నాలుగు రోజులు చూసి సెక్షనులో అందరినీ అడిగాను. పదకొండు మందిలో పది మంది ఆత్రేయ అన్నారు. అటెండరు మాత్రం, “నాకేటి తెలుసు బావూ, ఘంటసాల రాసుకుని పాడేసుంటాడు” అన్నాడు. హెడ్ గుమాస్తాగారు జేబులోంచి పది రూపాయల నోటు తీసి నా బల్లమీద పెట్టారు. “ఓట్లతో తేలే సంగతి కాదు నాయనా. అయినా పందెం పందెమే, పుచ్చుకో” అన్నారు. పుచ్చుకున్నాను. ఆ డబ్బుతో సెక్షను మొత్తానికి కాఫీ, బజ్జీలు తెప్పించాను. ఆయన కాఫీ తాగారు, బజ్జీ తీసుకోలేదు. ఆనాడు నా కాగితం మీద ఆయన పెన్సిలు చుక్క పెట్టారని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

1974 ఫిబ్రవరి 11, సోమవారం. మద్రాసులో ఘంటసాలగారు పోయారు. ఆఫీసులో కబురు తెలిసినప్పుడు హెడ్ గుమాస్తాగారు ఒక పూట సెలవు చీటీ రాసి నా చేతికిచ్చారు. కారణం దగ్గర “సొంత పని” అని ఉంది. నేను నంబరు వేసి లోపలికి పంపాను. మర్నాడు వచ్చి ఎప్పటిలాగే పని చేసుకున్నారు. ఆ పాట ప్రసక్తి మా ఇద్దరి మధ్య మళ్ళీ రాలేదు. ఆయన 1979లో రిటైరై విజయనగరం వెళ్ళిపోయారు. 1987లో పోయారని ఒక మిత్రుడు చెప్పగా విన్నాను, వెళ్ళలేదు.

నా పొరపాటు ఒక్క పాటతో ఆగలేదు, ఇంకొకటి కూడా చెప్పాలి. 1986లో ఎన్జీవోల సమ్మె రోజుల్లో ఒక సభలో నన్ను మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడి, కారులో పోయే సంపన్నురాలి చీర వెనుక, మేడ వెనుక ఎవరి చెమట ఉందో శ్రీశ్రీగారు పాటలో అడిగారు చూడండి అంటూ ఆవేశంగా చెప్పాను. చప్పట్లు మోగాయి. ఆ పాట “తోడికోడళ్ళు”లోని “కారులో షికారుకెళ్ళే”. 1957 నాటిది, అదీ అన్నపూర్ణావారిదే, ఆదుర్తిగారిదే. రాసింది ఆత్రేయగారు! కష్టజీవి మాట వస్తే శ్రీశ్రీ, మనసు మాట వస్తే ఆత్రేయ అని మేము వేసుకున్న లెక్కలో రెండు పద్దులూ తారుమారయ్యాయి. ఇది మా ఒక్క ఆఫీసు తెలివితక్కువతనం కాదు. తెలుగుదేశమంతటా ఈ రెండు పాటల కర్తలను ఇలాగే అటు ఇటు మార్చి చెప్పుకున్నారు. సినిమా పాటల గురించి రాసేవారు ఈ సంగతిని ఇప్పటికీ తలుస్తూనే ఉంటారు.

నిజానికి కళ్ళు తెరిచి చూస్తే ఆధారాలు ఎదురుగానే ఉన్నాయి. 1950లో “ఆహుతి” అనే డబ్బింగు చిత్రంతో శ్రీశ్రీ సినిమాల్లోకి వెళ్ళారు. తర్వాత 1959లో “మాంగల్యబలం”లో “ఆకాశవీధిలో అందాల జాబిలి” ఆయన రాశారు. 1962లో “ఆరాధన”లో “నా హృదయంలో నిదురించే చెలి” రాశారు. “వెలుగు నీడలు”లో “పాడవోయి భారతీయుడా” ఆయనదని అందరం ఒప్పుకున్నాం, ఎందుకంటే అందులో దేశం ఉంది, ఆకలి ఉంది. జాబిలి పాట వచ్చినప్పుడు మాత్రం రచయిత పేరు అడగడం మానేశాం.

పాటల పుస్తకం 2004లో దొరికింది. ఎక్కడో కాదు, మా అక్కగారి ట్రంకు పెట్టెలో! మేనల్లుడి కొడుకు పెళ్ళికి ఇంటికి సున్నం వేయిస్తూ పెట్టెలు దించారు. చూస్తే చీరల అడుగున సినిమా పాటల పుస్తకాలు ముప్పై పైచిలుకు, తాడుతో కట్టి ఉన్నాయి. పెళ్ళయిన కొత్తలో బావగారు తీసుకువెళ్ళిన ప్రతి సినిమాకూ ఒకటి కొనిపించుకుందట. ఇన్నేళ్ళుగా నేను ఊరూరా వెతికిన పుస్తకం ఆవిడ దగ్గరే ఉందని ఆవిడకూ తెలియదు, నేనూ అడగలేదు. “డాక్టర్ చక్రవర్తి” పుస్తకం తీసి ఆ పాట ఉన్న పేజీ చూశాను. రచన: శ్రీశ్రీ.

ఆ వారమే విజయనగరం బస్సెక్కాను. హెడ్ గుమాస్తాగారి భార్య అప్పటికి ఎనభైకి దగ్గర. కొడుకు దగ్గర ఉంటున్నారు. నేను ఎవరో చెప్పుకుని, పందెం సంగతి మొదలుపెట్టి, పుస్తకం చూపించి, పది రూపాయలు చేతిలో పెట్టాను. వాళ్ళ అబ్బాయి, “ఇప్పుడేమిటండీ ఇది” అని నవ్వబోయాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నోటు తీసుకుని మడిచి, కొంగున ముడి వేసుకున్నారు. “ఆయన ఈ మాట ఇంట్లో చెప్పలేదు బాబూ. కాని ఆ పాట రేడియోలో వస్తే వంటింట్లోంచి నన్ను పిలిచేవారు. పొయ్యిమీద ఏమున్నా సరే, దించి రమ్మనేవారు. వచ్చి కూర్చునేదాన్ని. పాట అయ్యాక వెళ్ళమనేవారు. అంతే” అన్నారు. తర్వాత, “ఆయన డబ్బుతో కాఫీ తాగామంటివిగా, ఉండు, మళ్ళీ ఇస్తాను” అని లేచారు. ఆవిడ కాఫీ కలిపి తెచ్చేదాకా నేను ఆ గదిలో గోడమీద ఉన్న ఆయన ఫోటో వైపు చూడలేకపోయాను.

ఇది ఇప్పుడు రాయాలనిపించడానికి మా మనవడు కారణం. వాడు విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతూ గిటారు నేర్చుకుంటున్నాడు. మొన్న సెలవులకు వచ్చి, “తాతయ్యా, నువ్వు ఎప్పుడూ 1964 పాట అంటావు కదా, ఇదీ 1964దే, విను” అని ఫోనులో ఒక ఇంగ్లీషు పాట పెట్టాడు. పేరు “ది హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్”. ఇంగ్లండులో న్యూకాజిల్ అనే బొగ్గు గనుల ప్రాంతపు రేవు పట్టణం నుంచి వచ్చిన “ది యానిమల్స్” అనే ఐదుగురు కుర్రాళ్ళు పాడారు. సరిగ్గా మన సినిమా విడుదలైన 1964 జులైలోనే అది అక్కడ అమ్మకాల్లో మొదటి స్థానానికి వెళ్ళింది, సెప్టెంబరులో అమెరికాలోనూ అంతే. అమెరికా పత్తి చేలల్లో వెట్టి చేసిన నల్లవారి దుఃఖంలోంచి పుట్టిన పాటలను బ్లూస్ అంటారు. వాటికి కరెంటు గిటార్లు జోడించిన బాణీ ఇది అని వాడు చెప్పాడు.

నేను మొదట చెవులు మూసుకోబోయాను. కాని ఎరిక్ బర్డన్ అనే ఆ గాయకుడి గొంతు వినగా వినగా, చెడిపోయిన బతుకు గురించి తల్లితో మొరపెట్టుకుంటున్నట్టుంది. మాట సగం అర్థం కాకపోయినా గోడు అర్థమైంది. మా ఊరి బెల్లం పొయ్యిల దగ్గర రాత్రిపూట పాకం కలుపుతూ ఒక్కడే పాడుకునేవాడి గొంతు అలాగే ఉండేది.

“ఇది రాసినవాడు ఎవరురా?” అని అడిగాను. “అదే తాతయ్యా గొడవ! రాసినవాడు ఎవడో ఎవరికీ తెలీదు” అన్నాడు. ఆ పాట ఎంతో పాతది, జనం నోట్లోంచి వచ్చింది. అలన్ లోమాక్స్ అనే జానపద సేకర్త 1937లో కెంటకీ రాష్ట్రంలో జార్జియా టర్నర్ అనే పదహారేళ్ళ గని కార్మికుని కూతురు పాడగా రికార్డు చేసుకున్నాడు. బాబ్ డిలన్ తన మొదటి రికార్డులో పాడాడు. ఆ తర్వాత ఈ ఐదుగురు పాడి ప్రపంచమంతా వినిపించారు. రికార్డు మీద కూర్పు అన్నచోట మాత్రం ఐదుగురిలో ఒక్క ఆర్గన్ వాయిద్యగాడు అలన్ ప్రైస్ పేరే పడింది, రావలసిన సొమ్ము కూడా ఆయనకే పోయింది. తక్కిన నలుగురి మనసులో ఆ ముల్లు ఉండిపోయింది. పాటలో చెప్పిన ఇల్లు వేశ్యాగృహమా, జైలా, జూదశాలా అని వినేవాళ్ళు ఇప్పటికీ తగాదా పడుతున్నారట. పేరు తెలియని పాటకు వాళ్ళకు అంత తగాదా, పుస్తకంలో అచ్చయిన పేరుకు మనకు ఇంత తగాదా అని మా మనవడు నవ్వాడు.

క్రిందటి నెల మన సంఘం సమావేశంలో లైఫ్ సర్టిఫికెట్ల పని అయిపోయాక, వేలిముద్రలు పడనివాళ్ళు తీరిగ్గా కూర్చుని ఉంటే, నేను ఈ పాట ప్రస్తావన తెచ్చి ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నాను. పేర్లు రాయవద్దన్నారు గనుక రాయడం లేదు.

రిటైరయిన లైన్‌మన్ ఒకాయన: పల్లెలకు కొత్తగా కరెంటు లాగే రోజుల్లో ఒక ఊళ్ళో స్విచ్చి వేసిన మర్నాడే పెళ్ళి. మైకు సెట్టు వాడు దేవుడి పాట వేసి, రెండోది ఇదే వేశాడు. స్తంభం మీద ఉండగా విన్నాడట. “నేను లాగిన తీగలో వచ్చింది గురూగారూ ఆ పాట” అన్నాడు. పెళ్ళికి ఇంత దిగులు పాట ఏమిటని పెద్దలు కసిరి తీయించేశారని కూడా చెప్పాడు. ఇది సంతోషం పాటా, దిగులు పాటా అన్న దానిమీద ఒక పావుగంట చర్చ జరిగింది. తోడు దొరికినవాడు పాడుకుంటే సంతోషం, దొరకనివాడు పాడుకుంటే దిగులు అని ఒక ఉపాధ్యాయినిగారు తేల్చబోయారు గాని, ఎవరూ తేలనివ్వలేదు.

ఆ ఉపాధ్యాయినిగారే ఇంకో మాట చెప్పారు. ట్రైనింగు హాస్టల్లో వార్డెనుగారు ఈ పాట రాగానే రేడియో కట్టేసేవారట. ఒకరోజు పిల్లలు వెనక్కి వచ్చి చూస్తే, ఆవిడ గదిలో ఒక్కరే కూర్చుని చిన్నగా పెట్టుకుని వింటున్నారట. అటవీశాఖలో గార్డుగా చేసి, క్రిందటేడు భార్యను పోగొట్టుకున్న మిత్రుడు ఒకరున్నారు. ఆయన వంతు వచ్చేసరికి, “నన్ను వదిలేయండి” అని చుట్ట వెలిగించుకోవడానికి బయటికి వెళ్ళారు. రాసుకోవడానికి ఏమీ చెప్పకపోయినా, ఆయన వంతు వదలకుండా ఇక్కడ రాస్తున్నాను.

ఒక మిత్రుడు సినిమా తన కళ్ళకు కట్టినట్టుందని, ఆ పాటలో సావిత్రి నీలంరంగు చీర కట్టిందని ఒట్టు వేసి చెప్పారు. ఆ చిత్రం నలుపు తెలుపు. ఆ మాటంటే, “మీకు కనబడలేదేమో, నాకు కనబడింది” అన్నారు. ఇంకొకాయన, మొదటినుంచీ రామారావుగారి పక్షం, ఇదంతా ఏడుపు సంగీతమని కొట్టిపారేశారు. సంగీతం మాస్టారుగా చేసిన పెద్దాయన దానికి నొచ్చుకుని, ఇది జయజయవంతి రాగచ్ఛాయ, నాయనా, అది ఏడవదు, తలుచుకుంటుంది అన్నారు. ఇంత మంచి మాట నేను ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఏ నోటుఫైలులోనూ రాయలేదు.

అందరికంటే గట్టిగా మాట్లాడింది, ఒకప్పుడు నాలాగే “మహాప్రస్థానం” జేబులో పెట్టుకు తిరిగిన మిత్రుడు. “శ్రీశ్రీయే రాసినా అది డబ్బుకు రాసింది. దాన్ని ఆయన లెక్కలో వెయ్యకండి” అన్నాడు. సినిమా పాటకు డబ్బు పుచ్చుకోవడం నేరమైతే ఆత్రేయగారూ పుచ్చుకున్నారు, ఘంటసాలగారూ పుచ్చుకున్నారు. జీతం పుచ్చుకుని రాసినంతమాత్రాన మనం రాసిన రిజిస్టర్లు అబద్ధాలు అవుతాయా? ఈ మిత్రుడికి నేను చెప్పదలచుకున్నది ఒకటే. అన్యాయం చూసి మండిపడగలిగిన మనిషికే ఒంటరివాడి గోడు కూడా వినబడి ఉంటుంది. పంచాయతీ అరుగు కింద కూర్చున్న ఆ ముసలాయన, తన గురించే పాడారా అని అడిగాడు. ఆయన కూలివాడే. ఆయన ఆకలి గురించి రాసినప్పుడు శ్రీశ్రీది అని ఒప్పుకున్నవాళ్ళం, ఆయన ఒంటరితనం గురించి రాస్తే ఎందుకు ఒప్పుకోలేదు? నేను పందెం గెలిచిన నాటినుంచీ ఈ ప్రశ్న నాకు రావలసింది, 2004 దాకా రాలేదు.

ఇంకో సంగతి కూడా ఆ రోజు చెప్పాను. శ్రీశ్రీ పుట్టింది విశాఖపట్నంలో. రాజేశ్వరరావుగారు పుట్టింది సాలూరు దగ్గర శివరామపురంలో, 1922లో, అప్పటికి అదంతా విశాఖపట్నం జిల్లాయే. ఘంటసాలగారు కృష్ణాజిల్లా వారైనా సంగీతం అబ్బింది విజయనగరంలో. మాటా, బాణీ, గొంతూ మూడూ ఈ నేలవే. తర్వాత జిల్లాలు విడిపోయాయి. మన దేవరాపల్లి కూడా 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా కిందకు వచ్చింది. ఇంటి పక్క మనిషి రాసిన పాటను మనమే నెల్లూరు జిల్లా ఆత్రేయగారికి రాసి ఇచ్చేశామన్న మాట! ఆయనకు సొంత ఆస్తి బోలెడుంది, ఇది అవసరం లేదు.

ఇంట్లో మా ఆవిడ అభిప్రాయం కూడా అడిగాను. “రాసింది ఎవరైతేనేం, యాభై ఏళ్ళనుంచి ఆ పాట వస్తే మీరు కళ్ళు మూసుకుని వింటున్నారు. పక్కన ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి కళ్ళు తెరిచి చూశారా?” అంది. హెడ్ గుమాస్తాగారు వంటింట్లోంచి పిలిచేవారన్న మాట ఆవిడకు నేను 2004లోనే చెప్పాను. అది గుర్తుపెట్టుకుని అన్నదని తెలిసింది. జవాబు చెప్పలేదు. ఆ రాత్రి ఫోనులో పాట పెట్టి ఆవిడను పిలిచాను. పొయ్యిమీద పాలున్నాయి, రానంది. పాలు పొంగి దించాక వచ్చింది. మళ్ళీ మొదటినుంచి పెట్టాను.

సమావేశంలో చివరికి పాటల పుస్తకం బయటికి తీసి, ఆ పేజీ అందరికీ చూపించాను. కళ్ళజోళ్ళు చేతులు మారాయి. రెవెన్యూలో చేసిన ఒక పెద్దాయన పుస్తకాన్ని వెలుతురుకు ఎత్తి, అటు ఇటు తిప్పి, దస్తావేజు చూసినట్టు చూసి, “అచ్చుతప్పు పడి ఉంటుంది గురూగారూ. ఇది ఆత్రేయదే” అని నా చేతికిచ్చేశారు.

ఆయన పది రూపాయల పందెం కూడా వేస్తానన్నారు. నేను ఒప్పుకోలేదు. పుస్తకం దేవరాపల్లిలో మా ఇంట్లోనే ఉంది. పై అట్ట చిరిగింది గాని పాట ఉన్న పేజీ బాగానే ఉంది. చూడదలచినవారు ఏ సాయంత్రమైనా రావచ్చు.